బైకు కోసం ఎన్‌క్లోజ్డ్ ట్రైలర్ కొంటున్నారా? ముందు కారు తలుపు తీసి చూడండి

డాలస్ నుంచి న్యూజెర్సీకి ప్రాజెక్టు మారినవాళ్లు, టెనెసీ సరిహద్దులో 11 మైళ్లలో 318 మలుపులున్న టెయిల్ ఆఫ్ ద డ్రాగన్ రోడ్డు మీద సొంత బైకు నడపాలని ఉబలాటపడేవాళ్లు, ఆగస్టులో సౌత్ డకోటాలో జరిగే స్టర్జిస్ బైకు ర్యాలీకి వెళ్లేవాళ్లు అందరూ అడిగేది ఒకటే: "బైకుకి ఏ ట్రైలర్ కొనమంటారు? 5 బై 8 సరిపోతుందా?" (5 బై 8 అంటే 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు.) దానికి నా ఎదురు ప్రశ్న ఒకటే: మీ కారేంటి, బైకేంటి? చాలామంది ముందు ట్రైలర్ బేరం చూసుకుంటారు, అడ్వాన్సు ఇస్తారు, ఆ తర్వాత తమ కారు దాన్ని లాగగలదా అని వెతకడం మొదలుపెడతారు. మీరు వరస మార్చండి. కారు, బైకు, చివర్న ట్రైలర్. ఇదంతా అమెరికాలో ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను.

ఒకే ఒక్కసారి ఇల్లు మారడానికైతే అసలు కొనకండి. యూహాల్ లాంటి చోట్ల బైకు కోసమే చేసిన ఓపెన్ ట్రైలర్ అద్దెకు దొరుకుతుంది, తేలిక కూడా. ఏడాదికి రెండు మూడుసార్లు దూరం వెళ్తూ, రాత్రి హోటల్ పార్కింగ్‌లో బైకు వదలాల్సి వస్తేనే ఎన్‌క్లోజ్డ్‌కి, అంటే అన్ని వైపులా మూసిన పెట్టెలాంటి ట్రైలర్‌కి, పెట్టిన డబ్బు గిట్టుబాటు అవుతుంది. బయటివాళ్లకు లోపల ఏముందో కనపడదు, వాన పడదు, హెల్మెట్లూ జాకెట్లూ లోపలే ఉంటాయి. బదులుగా గాలికి అడ్డంగా ఒక గోడను లాక్కెళ్తున్నట్టు పెట్రోలు తాగుతుంది.

కావలసినవి

కారు ఓనర్స్ మాన్యువల్. డ్రైవర్ తలుపు చట్రం మీదున్న స్టిక్కర్ ఫోటో. బైకు పొడవు, హ్యాండిల్ వెడల్పు, విండ్‌షీల్డ్ ఎత్తు, పెట్రోలుతో కలిపి బరువు. పాతిక అడుగుల టేపు, టార్చిలైటు, టైరు గేజ్. ఇంట్లో బరువు చూసుకునే బాత్‌రూమ్ స్కేలు, ఒక బలమైన 4 బై 4 అంగుళాల దుంగ. మీ కాలనీ హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) నిబంధనల కాగితం. ఆ చివరిది నవ్వులాటకు రాయలేదు. చాలా కాలనీల్లో డ్రైవ్‌వేలో ట్రైలర్ పెట్టనివ్వరు, గ్యారేజీ తలుపు ఎత్తేమో మామూలుగా 7 అడుగులే. నేల నుంచి కొలిస్తే ఈ ట్రైలర్లు అంతకంటే ఎత్తుంటాయి. స్టోరేజీ అద్దె నెలనెలా కట్టాల్సి వస్తుందేమో కొనకముందే తేల్చుకోండి.

1. కారు ఎంత లాగగలదో చూడండి

మాన్యువల్లో టోయింగ్ పేజీ తీయండి. ట్రిమ్, అంటే మోడల్లో వేరియంట్, బట్టి అంకె మారుతుంది కాబట్టి మీ ట్రిమ్‌దే చూడండి. ఉజ్జాయింపుగా పెట్రోల్ హైలాండర్లు చాలావాటికి 5000 పౌండ్లు, హైబ్రిడ్‌కి 3500. పైలట్ ఆల్ వీల్ డ్రైవ్‌కి 5000, టూ వీల్ డ్రైవ్‌కి 3500. ఒడిస్సీ, కొత్త సియెన్నా 3500. టో ప్యాకేజీ ఉన్న మోడల్ వై 3500. ఆర్‌ఏవీ4, సీఆర్‌వీ చాలా ట్రిమ్‌లకు 1500 దగ్గరే ఆగిపోతాయి. ఈ చివరి రెండింటిలో ఏదైనా మీదైతే ఎన్‌క్లోజ్డ్ ఆలోచన మానేయండి. ఖాళీ ట్రైలరే వెయ్యి పౌండ్లు ఉంటుంది.

అదే పేజీలో మరో రెండు సంగతులు వెతకండి. ఒకటి, టంగ్ వెయిట్ పరిమితి, అంటే కారు వెనక ట్రైలర్ తగిలించే హిచ్ మీద కిందికి పడే బరువు. రెండోది, ఫ్రంటల్ ఏరియా పరిమితి, అంటే ట్రైలర్ ముందు మొహం ఎంత పెద్దది ఉండొచ్చో. ఇది కొన్ని కార్లకే రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. 6 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు ట్రైలర్ గాలికి 36 చదరపు అడుగుల మొహం పెడుతుంది. మీ కారు పరిమితి అంతకంటే తక్కువైతే బరువు సరిపోయినా ఆ ట్రైలర్ మీకు పనికిరాదు.

ఇప్పుడు తలుపు స్టిక్కర్ చూడండి. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని దాని మీద ఉంటుంది. టంగ్ వెయిట్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. స్టిక్కర్ మీద 1300 ఉందనుకుందాం. నలుగురు మనుషులు 600, సామాను 150, హిచ్ ఇనుము 50, మొత్తం 800. ఇంకా 500 మిగిలింది, టంగ్ వెయిట్ 300 ఉన్నా ఇబ్బంది లేదు. అదే కారులో అత్తమామలు కూడా ఎక్కి మూడో వరస నిండితే మనుషులే వెయ్యి దాటుతారు, సామాను, హిచ్ తీసేస్తే వంద మిగలడం కష్టం. 5000 లాగుతుందన్న కారే ఆ రోజు ఈ ట్రైలర్‌కి పనికిరాదు.

ఎలక్ట్రిక్ కారు వాళ్లకు ఒక్క మాట. ఎన్‌క్లోజ్డ్ తగిలిస్తే రేంజి సగానికి పడిపోవడం మామూలే. చాలా చార్జర్ల దగ్గర ట్రైలర్ విప్పి పక్కన పెట్టి చార్జింగ్ పెట్టుకోవాలి. ఓపిక ఉంటేనే దిగండి.

2. బైకును కొలవండి

కంపెనీ చెప్పే అంకె ఒక్కటే చాలదు. సాడిల్ బ్యాగులు, క్రాష్ గార్డు, వెనక ట్రంకు పెట్టించుకుని ఉంటే టేపు పట్టుకుని కొలవాల్సిందే. రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 ఇంటర్‌సెప్టర్ సుమారు 480 పౌండ్లు. హార్లీ స్ట్రీట్ గ్లైడ్ 800 పైచిలుకు, పొడవు 95 అంగుళాల దగ్గర. గోల్డ్ వింగ్ టూర్ కూడా 800 దాటుతుంది, పొడవు వంద అంగుళాలు మించుతుంది. 8 అడుగులంటే 96 అంగుళాలు. "5 బై 8 సరిపోతుందా" అన్న ప్రశ్నకు గోల్డ్ వింగ్ వాళ్లకు ఇక్కడే జవాబు దొరికింది.

3. సైజు తేల్చండి

నా మాట అడిగితే ఒక్క బైకుకి 6 బై 10 కనీసం, 6 బై 12 హాయి. 5 అడుగుల వెడల్పులో చిన్న బైకు పడుతుంది. కానీ బైకు పక్కన మీరు నిలబడాలి, వంగాలి, స్ట్రాపు బిగించాలి. హ్యాండిల్ 3 అడుగులుంటే అటూ ఇటూ మిగిలేది తలా ఒక అడుగు. ఆ సందులో మోకాళ్ల మీద కూచుని, వేడి సైలెన్సర్‌కి చెయ్యి ఆనకుండా రాచెట్ తిప్పడం ఎలా ఉంటుందో డీలర్ దగ్గర ఖాళీ ట్రైలర్‌లో తెలియదు. రెండు బైకులైతే 7 అడుగుల వెడల్పు చూడండి. ఒకటి ముందుకి, ఒకటి కాస్త వెనక్కి పెడితే హ్యాండిళ్లు తగలవు.

ముందు భాగం చదునుగా ఉన్నదీ, వి ఆకారంలో ఉన్నదీ దొరుకుతాయి. వి ఉన్నదే తీసుకోండి. గాలి కాస్త చీలుతుంది, ముందు చక్రం ఆ మూలలోకి వెళ్లి పొడవు కలిసొస్తుంది. అయితే ఆ వి భాగాన్ని ట్రైలర్ పొడవులో కలిపి చెబుతున్నారో విడిగా చెబుతున్నారో అడిగి, మీరే టేపు పెట్టండి.

లోపలి ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలైతే చాలామంది వంగకుండా నిలబడగలరు. వెనక తలుపు చట్రం లోపలి ఎత్తు కంటే కొన్ని అంగుళాలు తక్కువుంటుంది, వెడల్పూ అంతే. విండ్‌షీల్డ్ తగిలేది, హ్యాండిల్ చివర గీసుకునేది ఆ చట్రానికే.

4. బరువు లెక్క కాగితం మీద వేయండి

ట్రైలర్ ముందు ఎడమవైపు ఒక ప్లేటు గానీ స్టిక్కర్ గానీ ఉంటుంది. అందులో జీవీడబ్ల్యూఆర్ అని ఉన్నది ట్రైలర్ ప్లస్ లోపలి సామాను మొత్తం దాటకూడని బరువు. ఒక ఇరుసు ట్రైలర్లలో చాలావాటికి ఇది 2990 ఉంటుంది. కింద 3500 పౌండ్ల ఇరుసే ఉన్నా అలా రాస్తారు. చాలా రాష్ట్రాల్లో 3000 దగ్గర బ్రేకుల నిబంధన మొదలవుతుంది, దాన్ని తప్పించుకోడానికి.

6 బై 12 ఖాళీ బరువు 1400 అనుకోండి. 2990లోంచి తీసేస్తే 1590. స్ట్రీట్ గ్లైడ్ ఒకటి 820, చక్రం స్టాండు, స్ట్రాపులు, స్పేర్ టైరు, టూల్ బాక్సు కలిపి 150, మొత్తం 970. బాగా సరిపోయింది. రోడ్డు మీద బరువు 2370. ఇప్పుడు స్నేహితుడి స్ట్రీట్ గ్లైడ్ కూడా ఎక్కిద్దామంటే 820, 820, 150 కలిపి 1790. పరిమితి 200 పౌండ్లు దాటిపోయింది. రెండు ఇంటర్‌సెప్టర్లయితే 1110, నిశ్చింతగా వెళ్లొచ్చు.

సేల్స్‌మన్ "అందరూ రెండేసి పెట్టుకుంటారు సార్" అంటాడు. స్టిక్కర్ అలా అనదు. రెండు పెద్ద బైకులు ఖాయమైతే రెండు ఇరుసులు, బ్రేకులు, 7000 జీవీడబ్ల్యూఆర్ ఉన్న 7 బై 14 వైపు వెళ్లాలి. అది ఖాళీగానే రెండు వేలు దాటుతుంది. అప్పుడు కారు కథ మళ్లీ ఒకటో మెట్టు నుంచి చూసుకోవాలి.

5. ర్యాంపు తలుపు, పక్క తలుపు

వెనక రెండు రెక్కల తలుపున్న ట్రైలర్ కాస్త చవగ్గా వస్తుంది. వద్దు. విడిగా ర్యాంపు కొని, ప్రతిసారీ బిగించి విప్పడం పెద్ద తలనొప్పి. కిందికి వాలి ర్యాంపుగా మారే తలుపే కావాలి, ఎత్తడానికి స్ప్రింగు సాయం ఉండాలి. ర్యాంపు చివర మడత పలక లేకపోతే చిన్న చక్రాలకు నేల దగ్గర మెట్టులా తగులుతుంది. క్రూయిజర్ బైకులకు ఇంకో చిక్కుంది: ర్యాంపు పైకొచ్చి ట్రైలర్ నేల మొదలయ్యే అంచు మీద బైకు పొట్ట ఆనుకుంటుంది. ర్యాంపు ఎంత నిటారుగా ఉంటే అంత ప్రమాదం. టార్షన్ ఇరుసు (లోపలి రబ్బరుతో కుదుపు ఆపుకునేది) ఉన్న ట్రైలర్ నేలకు దగ్గరగా కూచుంటుంది కాబట్టి వాలు తగ్గుతుంది, కుదుపు కూడా తక్కువ. ఆకు స్ప్రింగుల ఇరుసు చవక, రిపేరు తేలిక. కిందికున్న హార్లీలకు టార్షన్‌కి డబ్బు పెట్టొచ్చు.

పక్క తలుపు లేని ట్రైలర్ ముట్టుకోకండి. బైకు తోసుకుంటూ లోపలికి వెళ్లాక మీరు బయటికి రావాల్సింది అందులోంచే. అది సాధారణంగా కుడివైపు, ముందు చక్రం దగ్గరుంటుంది, స్ట్రాపులు బిగించేది కూడా అక్కడి నుంచే.

6. లోపలి నిర్మాణం

పైన పెయింటు అందరిదీ మెరుస్తుంది. కింద పడుకుని చూడండి. నేలను మోసే అడ్డ ఇనుప కమ్మీలు 16 అంగుళాలకొకటి ఉంటే మంచిది, చవకవాటిలో 24కి ఒకటి ఉంటాయి. నేల ప్లైవుడ్ ముప్పావు అంగుళం ఉండాలి. పైకప్పు ఒకే అల్యూమినియం రేకైతే అతుకుల్లోంచి వాన కారే గొడవ తక్కువ. గాలి ఆడే వెంట్లు రెండు వైపులా తప్పనిసరి. టెక్సాస్ ఎండలో మూసిన పెట్టెలో పెట్రోలు ఆవిరి పేరుకోవడం మంచిది కాదు.

ఇండియానాలోని ఎల్క్‌హార్ట్, జార్జియాలోని డగ్లస్ చుట్టుపక్కల ఈ ట్రైలర్ల ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. అక్కడికే వెళ్లి తెచ్చుకుంటే తక్కువకు వస్తుందని చాలామంది వెళ్తారు. వెళ్లండి, కానీ ఆర్డరు కాగితం మీద కమ్మీల దూరం, రేకు మందం, ఇరుసు రకం రాయించుకోండి.

7. బ్రేకులు, వైరింగ్, హిచ్

బ్రేకుల చట్టం రాష్ట్రానికొక తీరు. కాలిఫోర్నియాలో 3000 పౌండ్ల నుంచి, టెక్సాస్‌లో 4500 దాటితే కావాలి. చట్టం అడగకపోయినా మీ కారు మాన్యువల్ వెయ్యి పౌండ్లకే అడగొచ్చు. అక్కడ అలా రాసి ఉంటే అదే ఖాయం. బ్రేకులున్న ట్రైలర్‌కి 7 పిన్నుల ప్లగ్గు, కారులో ఆ బ్రేకులను నడిపే బ్రేక్ కంట్రోలర్ ఉండాలి. ట్రైలర్ ఊడిపోతే దానంతటదే బ్రేకు పడే బ్రేక్‌అవే స్విచ్చి కూడా ఉంటుంది, దాని బ్యాటరీ చార్జి చూడండి. బ్రేకుల్లేనివాటికి 4 పిన్నులు చాలు.

హిచ్‌కి ఉండే ఇనుప బంతి మీద ట్రైలర్ ముక్కుకున్న కప్లర్ కూచుంటుంది. ఏ సైజు బంతి కావాలో కప్లర్ మీద అచ్చుపోసి ఉంటుంది. 2 అంగుళాల కప్లర్ 1 7/8 బంతి మీద కూడా కూచుంటుంది, బిగిసినట్టే అనిపిస్తుంది, గుంత వచ్చినప్పుడు ఎగిరి ఊడుతుంది. రెండు అంకెలూ చదివి పోల్చుకోండి.

8. పాతది కొంటుంటే

పగలు, ఎండ ఉన్నప్పుడు వెళ్లండి. లోపలికి వెళ్లి తలుపులన్నీ మూయించుకుని చీకట్లో రెండు నిమిషాలు నిలబడండి. వెలుగు చుక్క ఎక్కడ కనిపిస్తే అక్కడి నుంచి నీళ్లొస్తాయి. తర్వాత ముందు మూలల్లో, తలుపు గడప దగ్గర నేల ప్లైవుడ్‌ను స్క్రూడ్రైవర్‌తో నొక్కండి. మెత్తగా దిగితే లోపల కుళ్లింది. కొత్తగా నల్ల రంగు వేసిన నేల కనిపిస్తే ఇంకా గట్టిగా నొక్కండి.

టైరు పక్కగోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరస చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. ట్రైలర్ టైర్లు అరగవు, ఎండకు పగులుతాయి. ఐదారేళ్లు దాటితే మార్పించే ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. టైరు పేరు ఎస్‌టీతో, అంటే స్పెషల్ ట్రైలర్‌తో, మొదలవ్వాలి. ఎస్‌టీ205/75ఆర్15 లోడ్ రేంజ్ సి టైరు 50 పీఎస్ఐ గాలితో 1820 పౌండ్లు మోస్తుంది. కారు టైర్లు వేసి అమ్మేవాళ్లున్నారు, జాగ్రత్త.

చక్రం పైకెత్తించి తిప్పండి. గరగర శబ్దం వచ్చినా, పైనా కిందా పట్టి ఊపితే కదిలినా బేరింగుల పని ఉంది. టైటిల్ (యాజమాన్యపు కాగితం) మీద విన్ నంబరు, ఫ్రేము మీద నంబరు ఒకటేనా చూడండి. ఆ నంబరున్న ప్లేటు పీకేసి ఉంటే అక్కడితో బేరం ఆపేయండి.

9. కట్టే ఏర్పాటు

నేల మీద స్ట్రాపులు తగిలించడానికి నాలుగు డి రింగులు ఉన్నాయని డీలర్ చూపిస్తాడు. కిందికి వంగి అవి దేనికి బిగించారో చూడండి. ప్లైవుడ్‌లోకి మరలు మాత్రమే ఉంటే నమ్మొద్దు. బోల్టు కిందివరకూ వచ్చి ఇనుప కమ్మీకి గానీ, వెడల్పాటి పలకకు గానీ బిగిసి ఉండాలి. ఈ-ట్రాక్ (E-Track) అనే, స్ట్రాపు ఎక్కడైనా తగిలించుకునే చిల్లుల పట్టాలు రెండు వరసలు వేయించుకుంటే వేరే బైకు కొన్నప్పుడు కూడా పనికొస్తాయి. ఎలాగూ కొంటారు.

ముందు చక్రాన్ని పట్టుకునే చాక్ ఒకటి నేలకు బిగించండి. మీరు ఒంటరిగా లోడ్ చేసేవాళ్లయితే ఇదే మీ రెండో మనిషి. స్ట్రాపు మీద రెండంకెలు ఉంటాయి, పెద్దది తెగే బరువు, చిన్నది వాడదగ్గ బరువు. చిన్నదాన్నే లెక్కలోకి తీసుకోండి.

10. బైకుతో పరీక్ష

డీలర్ ఒప్పుకుంటే కొనకముందే, లేకపోతే ఇంటికి రాగానే చేయండి. ట్రైలర్‌ని కారుకి తగిలించాకే లోడ్ చేయాలి. విడిగా ఉన్న ట్రైలర్ వెనక్కి 800 పౌండ్లు వెళ్తే ముక్కు గాల్లోకి లేస్తుంది. చక్రాలకు అడ్డు పెట్టండి, బైకు ఎక్కి నడపకుండా పక్కన నడుస్తూ తోయండి, అవతల ఒక మనిషి ఉండాలి. తడిసిన ప్లైవుడ్ మీద బూటు జారుతుంది, ర్యాంపు మీద గరుకు టేపు అంటించండి.

సైడ్ స్టాండు మీద పెట్టి కట్టకండి. బైకు నిటారుగా ఉండాలి, గేరులో ఉండాలి. ముందు ఫోర్కు కింది క్లాంపు దగ్గర మెత్తటి లూపులు వేసి, స్ట్రాపులు ముందుకీ పక్కలకీ ఏటవాలుగా లాగండి. ఫోర్కు సగం వరకు కుంగితే చాలు. పూర్తిగా అణిచేస్తే సీళ్లు పోతాయని భయం, అసలు బిగించకపోతే మొదటి గుంతలో కొక్కెం ఊడుతుంది. వెనక రెండు స్ట్రాపులు బైకు పక్కకు జరగకుండా. తర్వాత సీటు పట్టుకుని గట్టిగా ఊపండి. బైకుతో పాటు ట్రైలర్ కూడా ఊగితే కట్టు సరిగ్గా పడింది. బైకు ఒక్కటే ఊగితే మళ్లీ కట్టండి.

ఇప్పుడు టంగ్ వెయిట్. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. మన లెక్కలో 2370కి 237 నుంచి 355, మధ్యలో 285 ఉంటే బాగుంటుంది. చదును నేల మీద ట్రైలర్ చక్రాలకు అడ్డు పెట్టి, కారు నుంచి విప్పండి. దుంగ ఒక చివర ఇటుక మీద, మరో చివర స్కేలు మీద ఉంచండి. ఇటుక నుంచి 1 అడుగు దూరంలో, స్కేలు నుంచి 2 అడుగుల దూరంలో కప్లర్ దుంగ మీద ఆనాలి. దుంగ బరువు ముందే చూసి తీసేసుకుని, స్కేలు చూపిన అంకెను 3తో హెచ్చించండి. 95 చూపితే 285. తక్కువ వస్తే బైకు ముందుకి జరపండి, ఎక్కువైతే వెనక్కి. తక్కువగా ఉన్నప్పుడే హైవే మీద ట్రైలర్ తోకలా ఊగుతుంది. ఇదంతా తలనొప్పి అనుకుంటే ట్రక్ స్టాపుల్లో లారీలను తూచే క్యాట్ స్కేలు మీదికి ఎక్కించండి. కారు ముందు చక్రాలు, వెనక చక్రాలు, ట్రైలర్ బరువు విడివిడిగా కాగితం మీద వస్తాయి. దాన్ని తలుపు స్టిక్కర్ పక్కన పెట్టి చూసుకోండి.

11. రోడ్డెక్కేముందు, ఎక్కాక

కప్లర్ లాక్ చేశాక ముక్కును జాక్‌తో కొంచెం పైకెత్తండి. కారు వెనక భాగం కూడా లేవాలి. ట్రైలర్ సేఫ్టీ గొలుసులు కప్లర్ కింద ఒకదానికొకటి అడ్డంగా వేయండి. లైట్లన్నీ ఒకరిని వెనక నిలబెట్టి చూడండి. ట్రైలర్ చూడటానికి చదునుగా ఉండాలి. ముక్కు పైకి ఉంటే హిచ్ బార్ మార్చాలి.

మీ కారు ఇన్సూరెన్సులో లయబిలిటీ మామూలుగా తగిలించిన ట్రైలర్‌కి కూడా వర్తిస్తుంది కానీ, ట్రైలర్‌కీ లోపలి బైకుకీ జరిగే నష్టం వేరు. ఏజెంటుకి ఫోన్ చేసి రెండూ విడివిడిగా అడిగి, జవాబు ఈమెయిల్లో తెప్పించుకోండి.

వేగం 60 దగ్గర పెట్టుకోండి. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగేవాళ్లకు 55 దాటితే టికెట్టే. ట్రైలర్ ఊగడం మొదలైతే కారు బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్ వదలండి, స్టీరింగు నిలకడగా పట్టుకోండి. బ్రేక్ కంట్రోలర్ ఉంటే ట్రైలర్ బ్రేకు ఒక్కటే చేత్తో నొక్కొచ్చు.

కొత్త చక్రాల నట్లు మొదటి 10, 25, 50 మైళ్ల దగ్గర టార్క్ రెంచితో మళ్లీ బిగించాలి. జార్జియా నుంచి కొత్త ట్రైలర్ సంబరంగా తెచ్చుకునేవాళ్లు వదిలేసేది ఇదే. 50 మైళ్ల దగ్గర ఆగినప్పుడే పక్క తలుపు తీసి స్ట్రాపులు చూడండి, ఒక పన్ను సడలి ఉంటాయి. హబ్బు దగ్గరగా చెయ్యి పెట్టి చూడండి. రెండు వైపులా గోరువెచ్చగా ఉంటే సరే. ఒకటి చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే బేరింగో, బ్రేకో పట్టేసినట్టు. అక్కడే ఆపి మెకానిక్‌ని పిలవండి, తర్వాతి ఎగ్జిట్ దాకా కూడా వెళ్లకండి.